టాప్ లోడ్ వాషింగ్ మెషీన్: ఏళ్లు కాదు, ట్రిప్పులు లెక్కపెట్టండి

వాషింగ్ మెషీన్ కొనాలనగానే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న "ఏ కంపెనీ మంచిది?" షోరూములో సేల్స్‌మన్ దగ్గర రెడీగా ఉండే జవాబు కూడా ఒకటే: "మోటారు మీద 10 ఏళ్ల వారంటీ ఉంది భాయ్, కళ్లు మూసుకుని తీసుకోండి." ఈ ప్రశ్నా, ఈ జవాబూ రెండూ కొనేవాళ్లకు పెద్దగా ఉపయోగపడవు. టాప్ లోడ్ మెషీన్ మూలపడినప్పుడు చాలాసార్లు మోటారు బాగానే ఉంటుంది. దాని చుట్టూ ఉన్న చిన్న పార్టులు పోయి ఉంటాయి. పైగా ఒకే మోడల్ నలుగురున్న ఇంట్లో పన్నెండేళ్లు నడిస్తే, పన్నెండు మంది ఉన్న ఉమ్మడి కుటుంబంలో నాలుగేళ్లకే చేతులెత్తేయొచ్చు.

వాషింగ్ మెషీన్ల మీద ఇష్టంతో వాటిని విప్పి చూసేవాళ్లు, రిపేరు చేసి నడిపేవాళ్లు ఈ విషయాన్ని వేరే కోణంలో చూస్తారు. ఎన్నేళ్లు అని కాకుండా ఎన్ని ట్రిప్పులు నడిచిందని అడుగుతారు. ఒకసారి బట్టలు వేసి, ఉతికి, జాడించి, పిండి తీసేదాకా ఒక ట్రిప్పు. ఆ పద్ధతిలో మెషీన్‌ను ఎలా అంచనా వేయాలి, మన నీళ్లకు, మన బట్టలకు ఏవి ముఖ్యం, రిపేరు చేయించాలా కొత్తది కొనాలా అన్నది ఎలా తేల్చుకోవాలి అన్న వివరాలు ఇక్కడ ఇస్తున్నాం.

మన్నిక వేరు, ఉతుకు వేరు

మెషీన్‌కు రెండు వేర్వేరు మార్కులు వేయాలి. ఒకటి మన్నిక, అంటే ఎన్ని ట్రిప్పులు ఆగకుండా నడుస్తుందన్నది. రెండోది పనితనం. మురికి ఎంత పోతుంది, సబ్బు ఎంత వదులుతుంది, నీళ్లు ఎంత పిండుతుంది, బట్టకు ఎంత నష్టం చేస్తుందన్నది. ఒకదాంట్లో ఫస్ట్ క్లాస్ వచ్చిన మెషీన్ రెండోదాంట్లో ఫెయిల్ కావొచ్చు.

దీనికి అమెరికాలో జరిగిన ఒక ఉదాహరణ ఉంది. అక్కడ పాత టాప్ లోడ్ మెషీన్లను సేకరించే అభిమానులు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది మెచ్చుకునే పేరు స్పీడ్ క్వీన్. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రిపన్ ఊళ్లో తయారవుతుంది. మధ్యలో నిలువుగా ఉండే ఎజిటేటర్ బట్టలను అటూ ఇటూ తిప్పే పాతకాలపు పద్ధతి, గట్టి గేర్‌బాక్స్, అందుకే దానికి పేరు. తమ మెషీన్‌ను 10,400 ట్రిప్పులకు పరీక్షిస్తామని కంపెనీ చెప్పుకుంటుంది. వారానికి 8 ట్రిప్పుల చొప్పున 25 ఏళ్లకు వచ్చే లెక్క అది.

2018 జనవరి 1 నుంచి అమెరికాలో టాప్ లోడ్ మెషీన్లకు కరెంటు, నీళ్ల వాడకం నియమాలు ఇంకా కఠినమయ్యాయి. ఆ ఏడాదే స్పీడ్ క్వీన్ కొత్త డిజైన్ తెచ్చింది. అందులో ఎజిటేటర్, టబ్బు రెండూ కలిసి కదులుతాయి. శబ్దం తగ్గింది, పై మోడల్‌కు 7 ఏళ్ల వారంటీ ఇచ్చారు. మన్నిక మీద పెద్దగా ఎవరికీ అనుమానం లేదు. కానీ బట్టలు సరిగ్గా కిందికీ పైకీ తిరగడం లేదని, మురికి ఉండిపోతోందని కొన్నవాళ్లే చెప్పడం మొదలుపెట్టారు. 2019కల్లా కంపెనీ పాత పద్ధతి గేర్‌బాక్స్‌తో టీసీ5 అనే మోడల్‌ను మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. అయితే పాత పద్ధతికీ ఖర్చు ఉంది. నీళ్లు ఎక్కువ తాగుతుంది, పలచటి బట్టలను కాస్త గట్టిగా లాగుతుంది.

కంపెనీ పేరు శాశ్వతం కాదని చెప్పే ఉదాహరణ కూడా అక్కడిదే. అయోవా రాష్ట్రంలోని న్యూటన్ ఊరి మేటాగ్ మెషీన్లు ఎంత గట్టివంటే, రిపేరుకు పిలుపే రాక ఖాళీగా కూర్చునే మెకానిక్‌ను చూపిస్తూ 1967 నుంచి ప్రకటనలు నడిచాయి. 2006లో ఆ కంపెనీని వర్ల్‌పూల్ కొనేసింది. 2007లో న్యూటన్ ఫ్యాక్టరీ మూతపడింది. పేరు మాత్రం మెషీన్ల మీద అలాగే ఉంది. అందుకే "మా అబ్బా కొన్న కంపెనీ ఇరవై ఏళ్లు నడిచింది" అన్న మాట పట్టుకుని ఈరోజు అదే పేరున్న మెషీన్ కొనడం సరైన లెక్క కాదు. చూడాల్సింది ఇప్పటి మోడల్ లోపల ఏముందన్నది.

మన దగ్గర దొరికే రకాలు

సెమీ ఆటోమేటిక్: రెండు తొట్లు ఉంటాయి. ఒకదాంట్లో ఉతుకు, రెండోదాంట్లో పిండుడు. నీళ్లు మనమే నింపాలి, బట్టలు మనమే మార్చాలి. లోపల ఎలక్ట్రానిక్స్ తక్కువ కాబట్టి రిపేరు సులువు, పార్టులు చవక. నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఇళ్లకు, బకెట్లతో నీళ్లు పోసుకునేవాళ్లకు ఇప్పటికీ ఇదే నయం.

ఫుల్లీ ఆటోమేటిక్ టాప్ లోడ్: ఒకే టబ్బు. మన దేశంలో అమ్మే వాటిలో ఎక్కువ భాగం అడుగున పళ్లెంలాంటి పల్సేటర్ తిరిగే రకం. బట్టలు సగంలో గుర్తొచ్చినా మూత తెరిచి వేసుకోవచ్చు. వంగాల్సిన పని లేదు కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు సుఖం.

ఫుల్లీ ఆటోమేటిక్‌లో మళ్లీ రెండు రకాలు. ఒకదాంట్లో మోటారు పక్కన ఉండి బెల్టుతో గేర్‌బాక్స్, క్లచ్‌లను తిప్పుతుంది. రెండోదాంట్లో మోటారు నేరుగా టబ్బు కిందే ఉంటుంది, బెల్టు ఉండదు. దీన్నే డైరెక్ట్ డ్రైవ్ అంటారు. బెల్టు రకం చవక, ఏ గల్లీ మెకానిక్ అయినా చూస్తాడు. డైరెక్ట్ డ్రైవ్‌లో శబ్దం తక్కువ, అరిగే పార్టులు తక్కువ. కానీ ఎలక్ట్రానిక్ బోర్డు పోతే బిల్లు ఎక్కువ.

ఒక మాట గుర్తుంచుకోండి. "ఇన్వర్టర్ మోటారు" అంటే వేగాన్ని అవసరానికి తగ్గించి పెంచుకునే మోటారు అని అర్థం. కరెంటు పోతే ఇంట్లో ఇన్వర్టర్ మీద నడుస్తుందని కాదు.

ముందు పోయే పార్టులు ఇవి

ఆయిల్ సీల్, బేరింగ్: టబ్బు ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు సీల్ అరిగితే నీళ్లు బేరింగ్‌లోకి దిగుతాయి. తుప్పు పడుతుంది. స్పిన్ టైములో విమానం లేస్తున్నట్టు శబ్దం వస్తే చాలావరకు ఇదే. మొదట్లోనే మార్పిస్తే తక్కువలో పోతుంది. అలాగే నడిపిస్తే ఇరుసు, గేర్‌బాక్స్ దాకా పాకుతుంది.

సస్పెన్షన్ రాడ్లు: టబ్బును నాలుగు మూలల నుంచి వేలాడదీసే కడ్డీలు. వీటి పట్టు తగ్గితే టబ్బు ఒక పక్కకు వాలి బాడీకి కొట్టుకుంటుంది. ఎక్కువ బరువు వేయడం వీటికి పెద్ద శత్రువు. మారిస్తే నాలుగూ ఒకేసారి మార్చాలి.

డ్రెయిన్ మోటారు లేదా పంపు: నీళ్లు బయటికి వదిలే భాగం. నాణేలు, పిన్నులు, నూలు ఇరుక్కుని ఆగిపోతుంది.

ఇన్‌లెట్ వాల్వు: నల్లా నీళ్లు లోపలికి వచ్చే చోటు. అక్కడ చిన్న జాలీ ఉంటుంది. బోరు నీళ్ల ఇసుక, తుప్పు దాన్ని మూసేస్తాయి. "వాల్వు పోయింది" అని చెప్పిన చాలా కేసుల్లో జాలీ కడిగితే సరిపోతుంది.

పీసీబీ: మెషీన్ మెదడు. వోల్టేజీ ఎగుడుదిగుడు, తేమ, బొద్దింకలు దీన్ని చంపుతాయి. కరెంటు నాణ్యత బాగోలేని ఏరియాలో స్టెబిలైజర్ పెట్టుకోవడం, పని అయ్యాక స్విచ్ గోడ దగ్గరే ఆపేయడం మంచిది. ఎర్తింగ్ లేని ప్లగ్గులో మాత్రం అసలు పెట్టొద్దు.

ఎలుకలు: ఇది ఏ బ్రోచర్‌లోనూ పెద్ద అక్షరాల్లో ఉండదు. టాప్ లోడ్ మెషీన్ల అడుగు భాగం తెరిచి ఉంటే ఎలుకలు లోపలికి దూరి వైర్లు కొరుకుతాయి. అడుగున జాలీ ఉందా, లేకపోతే విడిగా దొరుకుతుందా అని కొనేటప్పుడే అడగండి. ఎలుకలు కొరికిన నష్టాన్ని వారంటీలో లెక్కేస్తారా లేదా అన్నది కూడా కార్డులో చూసుకోవాలి.

వారంటీ స్టిక్కరు ఎలా చదవాలి

మూత మీద పెద్దగా కనిపించే 10 లేదా 12 ఏళ్ల అంకె సాధారణంగా మోటారుకు మాత్రమే. మొత్తం మెషీన్‌కు వారంటీ చాలా మోడళ్లలో 2 ఏళ్లే ఉంటుంది. ఆ తర్వాత పీసీబీ, వాల్వు, రాడ్లు, బేరింగ్ అన్నీ మన జేబులోంచే. మోటారు ఉచితంగా ఇచ్చినా టెక్నీషియన్ విజిట్ ఛార్జీ, లేబర్ ఛార్జీ విడిగా ఉండొచ్చు. అందుకే షోరూములో అడగాల్సిన ప్రశ్న ఇది: "మూడో ఏట పీసీబీ పోతే ఎంత అవుతుంది? సస్పెన్షన్ రాడ్ల సెట్టు ఎంత?" జవాబు తెలియకపోతే అదే కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. ఐదు నిమిషాల పని.

పెళ్లి సామాన్లలో ఇచ్చే మెషీన్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. వారంటీ బిల్లు తేదీ నుంచి మొదలవుతుంది. నిఖా ఆరు నెలలు ఉందనగా ఆఫర్‌లో కొని, డబ్బాలోనే పెట్టి, పెళ్లయ్యాక ఇంకో రెండు నెలలకు తెరిస్తే రెండేళ్ల వారంటీలో ఎనిమిది నెలలు వాడకముందే అయిపోతాయి. బిల్లు ఎవరి పేరు మీద ఉంది, ఎవరి దగ్గర ఉందన్నది కూడా అప్పుడే సరిచూసుకోవాలి. అమ్మాయి అత్తారింటి ఊళ్లో ఆ కంపెనీ సర్వీస్ ఉందా అన్నది అన్నిటికంటే ముఖ్యం.

సౌదీ నుంచి కార్గోలో మెషీన్ పంపాలనుకునేవాళ్లు కూడా ఆలోచించాలి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50 హెర్ట్జ్. 60 హెర్ట్జ్‌కు చేసిన మామూలు మోటారు ఇక్కడ నెమ్మదిగా తిరిగి వేడెక్కుతుంది. వెనక ప్లేటు మీద 50/60 అని రాసి ఉంటేనే పనికొస్తుంది. అప్పుడు కూడా ఆ దేశం వారంటీ ఇక్కడ చెల్లుతుందన్న నమ్మకం లేదు.

ఇంట్లోనే చేసుకునే నాలుగు పరీక్షలు

పనితనాన్ని లెక్కగట్టడానికి ల్యాబ్ అక్కర్లేదు. అభిమానులు చేసే ఈ పరీక్షలు ఎవరైనా చేసుకోవచ్చు.

1. తిరుగుడు పరీక్ష: రంగు పోని ఎర్ర తువ్వాలు ఒకటి అడుగున వేసి, దాని మీద లేతరంగు బట్టలు వేయండి. ఉతుకు మొదలయ్యాక కొన్ని నిమిషాలకు ఆపి చూడండి. తువ్వాలు పైకి వస్తూ మళ్లీ కిందికి పోతుంటే బట్టలు బాగా తిరుగుతున్నట్టు. పదిహేను నిమిషాలైనా అడుగునే ఉంటే బట్టలు ఎక్కువయ్యాయి లేదా నీళ్లు తక్కువయ్యాయి.

2. సబ్బు పరీక్ష: ఉతికి తీసిన తువ్వాలును బకెట్ నీళ్లలో ముంచి గట్టిగా పిండండి. నురగ వస్తే జాడింపు చాలలేదు. పౌడర్ తగ్గించాలి, లేదా ఒక జాడింపు పెంచాలి.

3. పిండుడు పరీక్ష: ఉమ్రాకో, గల్ఫ్‌కో వెళ్లేటప్పుడు సూట్‌కేసు తూచే వేలాడే తూకం చాలా ఇళ్లలో ఉంటుంది. 3 కిలోల పొడి కాటన్ బట్టలు స్పిన్ తర్వాత 5 కిలోల దగ్గర తూగితే ఫర్వాలేదు. 6 కిలోలు దాటితే స్పిన్‌లో ఏదో లోపం ఉంది. 25 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న టబ్బు నిమిషానికి 700 చుట్లు తిరిగితే బట్ట మీద దాని బరువుకు దాదాపు 137 రెట్ల ఒత్తిడి పడుతుంది. 1,200 చుట్లకు అది 400 రెట్లు దాటుతుంది. ఫ్రంట్ లోడ్‌లో బట్టలు ఎక్కువ ఆరి వచ్చేది ఇందుకే.

4. ఊగుడు పరీక్ష: స్పిన్ టైములో మూత మీద గ్లాసులో సగం నీళ్లు పెట్టండి. నీళ్లు వణకడం మామూలే. గ్లాసు జరిగిపోతుంటే కాళ్లు సమానంగా లేవు, లేదా రాడ్లు అరిగాయి. చక్రాల స్టాండు మీద పెట్టిన మెషీన్లు ఎక్కువ ఊగుతాయి. గట్టి నేల మీద పెట్టడమే మేలు.

ఊగుడును తేలిగ్గా తీసుకోవద్దు. 2016 నవంబరులో అమెరికాలో శాంసంగ్ దాదాపు 28 లక్షల టాప్ లోడ్ మెషీన్లను రీకాల్ చేసింది. స్పిన్‌లో విపరీతంగా ఊగి పైభాగం ఊడిపోయే ప్రమాదం ఉందన్నది కారణం. దుప్పట్లు, బరువైనవి, నీళ్లు దిగని బట్టలు ఉతికేటప్పుడు తక్కువ వేగం పెట్టుకోమని అప్పట్లో వాడకందారులకు చెప్పారు. ఏ కంపెనీ మెషీన్‌కైనా ఇది పనికొచ్చే జాగ్రత్త. రెయిన్‌కోటు, పసిపిల్లల ప్లాస్టిక్ షీటు లాంటివి స్పిన్‌లో వేయకూడదు. వాటిలో నీళ్లు సంచిలా నిలబడి టబ్బు బ్యాలెన్స్ ఒక్కసారిగా తప్పుతుంది.

నీళ్లే సగం ఆయుష్షు తేలుస్తాయి

ఒకే మెషీన్ హైదరాబాద్‌లో కృష్ణా, మంజీరా నల్లా నీళ్లు వచ్చే ఇంట్లో ఒకలా, బోరు మీద నడిచే అపార్ట్‌మెంట్లో ఇంకోలా నడుస్తుంది. తాగునీటి ప్రమాణాల ప్రకారం నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. బోరు నీళ్లు ఈ రెండో అంకెను దాటే చోట్లు మన రెండు రాష్ట్రాల్లో చాలానే ఉన్నాయి.

కఠిన జలంలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి జిడ్డుగా మారతాయి. అది బట్ట మీద, టబ్బు వెనక, పైపుల్లో పేరుకుంటుంది. వేడి నీళ్ల హీటరున్న మోడల్‌లో హీటరు మీద పెచ్చు కడుతుంది. మీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోవాలంటే, మూతున్న సీసాలో సగం నీళ్లు పోసి, కొంచెం సబ్బు తురుము వేసి ఊపండి. నురగ తక్కువగా వచ్చి నీళ్లు పాలలా మారితే కఠిన జలం.

కఠిన జలం ఉన్నవాళ్లు నెలకోసారి కంపెనీ చెప్పిన డీస్కేలింగ్ పౌడర్‌తో ఖాళీ టబ్బును నడపాలి. ఒక హెచ్చరిక: డీస్కేలింగ్ పౌడర్‌నూ బ్లీచింగ్‌నూ ఎప్పుడూ కలపకూడదు. విషవాయువు పుడుతుంది.

నీటి ఒత్తిడి కూడా చూసుకోవాలి. చాలా ఆటోమేటిక్ మెషీన్లకు కనీసం 0.3 బార్ ఒత్తిడి కావాలి. అంటే ట్యాంకులో నీటి మట్టం మెషీన్ కన్నా సుమారు 3 మీటర్లు పైన ఉండాలి. పై అంతస్తులో ఉంటూ నెత్తిమీదే ట్యాంకు ఉన్న ఇళ్లలో మెషీన్ నిండటానికి అరగంట పట్టేది, మధ్యలో ఎర్రర్ చూపించి ఆగేది ఇందుకే. మెషీన్‌ను నిందించకుండా చిన్న ప్రెషర్ పంపు పెట్టించుకుంటే సరిపోతుంది.

పౌడర్ విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చేత్తో ఉతికే పౌడర్‌కు నురగ ఎక్కువ. మెషీన్‌లో అది నీటి మట్టం కొలిచే సెన్సర్‌ను మోసం చేస్తుంది, జాడింపును పాడుచేస్తుంది. టాప్ లోడ్ కోసం అని రాసి ఉన్న పౌడర్ లేదా లిక్విడ్ వాడాలి, అది కూడా కొలిచి.

మన ఇళ్ల బట్టలు, మన జాగ్రత్తలు

నల్ల అబాయా, బుర్ఖా: జాడింపు ఎంత బాగుందో చెప్పే అసలు పరీక్ష ఇదే. తెల్ల చారలు కనిపిస్తే పౌడర్ కరగలేదని, లేదా నీళ్లు కఠినమని అర్థం. లిక్విడ్ డిటర్జెంట్ వాడి, తిరగేసి, నెట్ సంచిలో పెట్టి, తువ్వాళ్లతో కలపకుండా వేయండి. తువ్వాళ్ల నూలు నల్ల బట్టకు అంటుకుంటే వదలదు.

స్కార్ఫ్ పిన్నులు: టబ్బు రంధ్రాల్లోంచి జారి డ్రెయిన్‌లో, రెండు టబ్బుల మధ్యలో ఇరుక్కుంటాయి. మెషీన్ పక్కనే ఒక డబ్బా పెట్టి, పిన్నులు, కుర్తా జేబుల్లోని చిల్లర, తస్బీహ్ అన్నీ తీసి అందులో వేసే అలవాటు చేయించండి. రూపాయి ఖర్చు లేని ఈ అలవాటు డ్రెయిన్ మోటారు ఆయుష్షు పెంచుతుంది.

గల్ఫ్ దుప్పట్లు: దుబాయ్, సౌదీ నుంచి తెచ్చే మందపాటి దుప్పట్లు పొడిగానే 4 నుంచి 6 కిలోలు తూగుతాయి. 6.5 కిలోల మెషీన్ అంటే పొడి కాటన్ బట్టల లెక్క. తడిసిన దుప్పటి బరువు రాడ్లు మోయలేవు. వాటిని లాండ్రీకి ఇవ్వడం లేదా మేడ మీద తొక్కి ఉతకడమే మేలు. మామూలు రోజుల్లో కూడా టబ్బును ముప్పావు వంతుకు మించి నింపొద్దు.

తహారత్ సంగతి: మెషీన్‌లో ఉతికిన బట్ట పాక్ అవుతుందా అని చాలామంది అడుగుతుంటారు. హనఫీ ఫిఖహ్‌లో కంటికి కనిపించే నజాసత్ అయితే అది పోయేదాకా కడగాలని, కనిపించనిదైతే మూడుసార్లు కడిగి ప్రతిసారీ పిండాలని చెబుతారు. అందువల్ల మీ ప్రోగ్రాంలో ఎన్నిసార్లు కొత్త నీళ్లు నిండి, పారి, పిండుతుందో లెక్కపెట్టుకోండి. మామూలు ప్రోగ్రాంలో ఒక ఉతుకు, రెండు జాడింపులు ఉండటం సాధారణం. క్విక్ వాష్‌లో జాడింపు ఒకటే ఉండొచ్చు. కొన్ని ప్రోగ్రాంలలో టబ్బు నింపకుండా పైనుంచి జల్లు మాత్రమే కొడుతుంది. సెమీ ఆటోమేటిక్‌లో అవే నీళ్లలో రెండో విడత బట్టలు వేస్తే లెక్క మారుతుంది. పసిపిల్లల బట్టలను ముందే విడిగా నల్లా కింద కడిగి వేయడం సులువైన మార్గం. మస్అలా వివరాలకు మీ మసీదు ఇమాంనో, ముఫ్తీనో అడగండి. కొనేటప్పుడు మాత్రం జాడింపుల సంఖ్య మనమే పెంచుకునే బటన్ ఉందో లేదో చూసుకోండి.

ట్రిప్పుకు ఎంత పడుతుంది?

ఇప్పుడు లెక్క. ఒక మెషీన్ 2,500 ట్రిప్పులు నడుస్తుందని అనుకుందాం. వారానికి 4 ట్రిప్పులు వేసే ఇంట్లో ఏడాదికి 208 అవుతాయి. మెషీన్ 12 ఏళ్లు వస్తుంది. రోజుకు 2 వేసే ఉమ్మడి కుటుంబంలో ఏడాదికి దాదాపు 728. అదే మెషీన్ మూడున్నరేళ్లకే పూర్తవుతుంది. మెషీన్‌లో తేడా లేదు, వాడకంలోనే ఉంది.

ధర కూడా ట్రిప్పుకే లెక్కగట్టాలి. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే.

మొదటి మెషీన్: ధర రూ.18,000, జీవితకాలం రిపేర్లు రూ.4,500, మొత్తం రూ.22,500. 2,500 ట్రిప్పులు నడిస్తే ట్రిప్పుకు రూ.9.

రెండో మెషీన్: ధర రూ.16,000, రిపేర్లు రూ.5,000, మొత్తం రూ.21,000. 1,500 ట్రిప్పులే నడిస్తే ట్రిప్పుకు రూ.14.

షోరూములో రూ.2,000 మిగిలినట్టు కనిపించింది. పెద్ద కుటుంబానికి ఏడాదికి 728 ట్రిప్పుల మీద రూ.3,640 అదనంగా పోతోంది. చిన్న కుటుంబానికి ఆ తేడా ఏడాదికి రూ.1,040 మాత్రమే. అందుకే పెద్ద కుటుంబం గట్టి మోడల్‌కు ఎక్కువ పెట్టడంలో అర్థం ఉంది. ఇద్దరే ఉండే ఇంట్లో 9 కిలోల ఖరీదైన మోడల్ తీసుకోవడంలో అంత లాభం లేదు.

రిపేరు చేయించాలా, మార్చాలా అన్నదానికీ ఇదే సూత్రం. రిపేరు ఖర్చును, ఆ తర్వాత ఇంకా నడుస్తుందనుకునే ట్రిప్పులతో భాగించండి. డ్రెయిన్ మోటారుకు రూ.1,200 అయి ఇంకా 500 ట్రిప్పులు వస్తాయనుకుంటే ట్రిప్పుకు రూ.2.40. నిస్సందేహంగా చేయించండి. బాడీ తుప్పు పట్టి, బేరింగ్ మోగుతున్న మెషీన్‌కు రూ.5,000 పెట్టి పీసీబీ వేయించినా 400 ట్రిప్పులే వస్తాయనుకుంటే ట్రిప్పుకు రూ.12.50. కొత్త మెషీన్ రూ.9కే వస్తుంటే అది నష్టం బేరం.

కరెంటు ఖర్చు గురించి ఎక్కువ కంగారు వద్దు. చన్నీళ్లతో ఉతికే టాప్ లోడ్‌లో ట్రిప్పుకు పావు యూనిట్ అటూ ఇటూ పడుతుంది. పౌడర్ ఖర్చే దానికన్నా ఎక్కువ. హీటర్ ఆన్ చేస్తే మాత్రం లెక్క మారిపోతుంది. నీళ్లు ఎక్కువ పట్టడం టాప్ లోడ్ అసలు బలహీనత. పూర్తి ట్రిప్పుకు 100 లీటర్లు దాటడం మామూలే. ట్యాంకరు కొనుక్కునే ఇళ్లు ఈ ఖర్చును కూడా కలుపుకోవాలి.

కొనే ముందు ఒకసారి

- ఇంట్లో వారానికి ఎన్ని ట్రిప్పులు పడతాయో రాసుకోండి. రంజాన్, పెళ్లిళ్లు, చుట్టాలు వచ్చే రోజులు కలిపి.
- మీ ఊళ్లో, మీ ఏరియాలో కంపెనీ సర్వీస్ ఉందా అని ఫోన్ చేసి నిర్ధారించుకోండి.
- పీసీబీ, రాడ్ల సెట్టు, డ్రెయిన్ మోటారు ధరలు అడిగి రాసుకోండి.
- ఖాళీ టబ్బును చేత్తో కిందికి నొక్కి వదలండి. ఒకటి రెండు ఊపుల్లో కుదురుకోవాలి.
- బాడీ అడుగు అంచు తుప్పు పట్టే రేకా, ప్లాస్టిక్కా చూడండి. బాత్‌రూములో పెట్టేవాళ్లకు ఇది ముఖ్యం.
- బిల్లు, వారంటీ కార్డు, సీరియల్ నంబరు ప్లేటు మూడింటికీ ఫోటో తీసి పెట్టుకోండి. బిల్లు కాగితం మీద అక్షరాలు ఏడాదికి మాయమవుతాయి.
- మొదటి ట్రిప్పు తేదీని మెషీన్ పక్కన స్టిక్కర్ మీద రాసి, రిపేరు జరిగిన ప్రతిసారీ తేదీ, ఖర్చు కింద చేర్చండి.

వారంటీలో ఉండగా సర్వీస్ వాళ్లు తిప్పించుకుంటే ముందు కంప్లైంట్ నంబరు తీసుకుని మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. బిల్లు, జాబ్ షీట్లు, మెయిళ్లు దగ్గరుంటే మీ మాటకు బలం వస్తుంది. పార్టు మార్చినప్పుడు పాత పార్టు ఇంట్లోనే ఇవ్వమని, కొత్తదానికి బిల్లు రాయమని అడగడానికి మొహమాటపడొద్దు.